పచ్చరంగు కింద ఎర్రచెక్క

నేను ఒక పెట్టెను. తాళం ఎప్పుడో పోయింది, గొళ్లెం వంగిపోయింది, విరిగిన ఒక కాలికి బదులు ఇటుక ముక్క పెట్టారు. ఏలూరులో మౌలాలి ఇంట్లో, తివాచీ మగ్గం పక్కన గోడకి ఆనుకుని ఉంటాను. నన్ను చూసి ఎవరూ ఆగిపోరు. మూత తీస్తే మాత్రం ఎంత తొందరలో ఉన్నవాడైనా ఒక్క క్షణం ఆగి ముక్కు ఎగబీలుస్తాడు. కొత్త పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే వాసన ఉందే, దానికి కాస్త మిరియాల ఘాటూ, కాస్త గంధం చల్లదనమూ కలపండి. అదీ నా వాసన.

ఈ వాసన పట్టుకునే ఊళ్లో కొందరు నన్ను దేవదారు పెట్టె అంటారు. కాదు. దేవదారు హిమాలయాల చెట్టు, దానికీ నాకూ చుట్టరికం లేదు. మా అమెరికాలో నన్ను ఎర్ర సీడర్ అనేవారు. చెట్ల చదువు చదివినవాళ్లు వచ్చి, అది కూడా తప్పే, నువ్వు సీడర్‌వి కావు, జునిపర్ జాతి దానివి అన్నారు. పుట్టిన గడ్డ మీదే సరైన పేరు పెట్టలేకపోయిన మనుషులు పరాయి గడ్డ మీద పెడతారని నేను ఎన్నడూ ఆశపడలేదు.

నా పుట్టుకలో గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒక పిట్ట మా అమ్మ కొమ్మ మీద నీలంరంగు కాయ తిని, ఒక రైతు కంచె మీద వాలి రెట్ట వేసింది. ఆ రెట్టలో ఉన్న గింజని నేను. కింద సున్నపురాయి, పైన బెత్తెడు మట్టి. మిగతా చెట్లు మొహం తిప్పుకునే చోటు అది. మా జాతికి అలాంటి చోట్లే ఇష్టం, కాదు, అలాంటి చోట్లే మిగులుతాయి మాకు. పసితనంలో మా ఆకు సూదిలా గుచ్చుకుంటుంది. పశువు నోరు పెట్టి వెనక్కి తీసుకుంటుంది. వయసొచ్చాక ఆకు పొలుసులా మెత్తబడుతుంది. మంచు పడినా, ఎండ కాసినా పచ్చగానే ఉంటాం. బెరడు పీచులు పీచులుగా ఊడిపోతుంటే చూసినవాడు ఇదేదో చచ్చిపోతోంది అనుకుంటాడు. ఆ బెరడు కింద తెల్లచెక్క, దాని లోపల ఎర్రచెక్క. ఆ ఎరుపులోనే ఉంది మా నూనె అంతా.

ఆ నేల అసలు మనుషులు మా రెమ్మలు కాల్చి, జబ్బు చేసినవాళ్ల ఇంట్లో పొగ వేసేవారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు మమ్మల్ని నరికి కంచె గుంజలు పాతారు. భూమిలో పాతిన మా గుంజ పుచ్చడం పాతినవాడు చూడడు, వాడి కొడుకు చూస్తాడేమో. మా దాయాదుల కాయలతో ఒకరకం సారా కాస్తారని కూడా విన్నాను. ఆ పేరు మాకు వద్దు, వాళ్లకే ఉండనీయండి.

అన్నింటికన్నా పెన్సిల్ మమ్మల్ని నాశనం చేసింది. మెత్తగా, నిట్టనిలువుగా చెక్కుడు పడే చెక్క అని మా వాళ్లని కొండలకి కొండలు నరికి పెన్సిళ్లు చేసేశారు. చెట్లు అయిపోయాక రైతుల కంచెలకి ఇనుప తీగ కట్టిచ్చి, పాత గుంజలు పీక్కుపోయారు. ఎండా వానా తిన్న గుంజలో కూడా లోపల ఎరుపు అలాగే ఉంది మరి. అలా నా దగ్గరికి కూడా ఒక పెన్సిల్ ఏజెంటు వచ్చాడు. నా చుట్టూ తిరిగాడు. బొటనవేలితో నా కొమ్మ కణుపులు నొక్కి చూశాడు.

"దీనికి కణుపులు ఎక్కువ. రాతకి పనికిరాదు," అని వెళ్లిపోయాడు.

రాతకి పనికిరాదు! ఆ మాట నా ఒంట్లో గొడ్డలి కంటే ముందు దిగింది. ఇది గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోలేదు.

చివరికి నన్ను నరికింది ఎజ్రా అనే ముసలి వడ్రంగి. ఒక రైతు తన కూతురు మార్తా పెళ్లికని పెట్టె చేయించమన్నాడు. అక్కడ పెళ్లికూతురికి కంబళ్లు, దుప్పట్లు దాచుకునే పెట్టె ఇచ్చి పంపే ఆనవాయితీ. ఎజ్రా నా కణుపులని దాచలేదు, పలకల మీద ఎర్రటి కళ్లలా పైకి కనిపించేలా అమర్చాడు. పైన నూనె రాసి మెరుగు పెట్టాడు. లోపల మాత్రం చిత్రిక పట్టి పచ్చిగా వదిలేశాడు.

మార్తా మూత ఎత్తి చూసి, "లోపల కూడా మెరుగు పెడితే బాగుండేది కదా తాతా?" అంది.

"పైన నీ ఇష్టం అమ్మాయీ. లోపల మాత్రం దీని ఊపిరి మూయకు. ఉన్ని తినే పురుగుకి ఈ గాలి పడదు. నూనె రాసినా, రంగు వేసినా ఇది వట్టి చెక్క అయిపోతుంది. వాసన తగ్గిందనిపిస్తే గరుకు కాగితంతో రుద్దు, మళ్లీ లేస్తుంది."

ఇక్కడ నా గురించి ఉన్నమాటే చెప్పాలి. పెద్ద పురుగుని నేను చంపలేను. గుడ్డుని చిదమలేను. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పసి పురుగుని మాత్రం బతకనివ్వను. లోపల పెట్టేముందు ఉన్నిని ఎండలో వేసి దులపడం మనుషుల పని, ఆ తర్వాత కాపలా నా పని. ఎవరి పని వాళ్లు చేస్తే పురుగు రాదు.

మార్తా పెళ్లి జరగలేదు. ఎందుకో నాకు తెలియదు. పెట్టెల దగ్గర మనుషులు ఏడుస్తారు గానీ కారణాలు చెప్పరు. ఆమె నర్సు చదువు చదివి, మిషన్‌వాళ్ల ఆస్పత్రిలో పని చేయడానికి ఓడెక్కింది. నేనూ ఎక్కాను. నా కడుపు నిండా ఉన్ని కంబళ్లు. ఎక్కడికయ్యా అంటే ఏలూరికి. మే నెలలో దిగాం.

వంటమనిషి సువార్తమ్మ నా మూత తీసి, ఒక్కొక్క కంబళీ ఎత్తి చూసి, బుగ్గలు నొక్కుకుంది. "ఇవి కప్పుకుంటే మనం ఇడ్లీల్లా ఉడికిపోతామండి దొరసానమ్మగారూ! ఇక్కడ చలికాలవంటే ఫ్యాను ఆపేసుకోడవేనండి."

మార్తా నవ్వి మూత వేసింది. ఆ కంబళ్లు ఏలూరులో ఒక్కసారి కూడా ఎవరి ఒంటి మీదకీ వెళ్లలేదు. అయినా ఒక్క చిల్లు పడలేదు. ఎవరికీ అక్కర్లేనిదాన్ని కూడా నిష్ఠగా కాపాడాను. ఉద్యోగమంటే అదే కదా.

అప్పుడు పీరమ్మ వచ్చింది. తివాచీలు నేసే ఇంటి మనిషి. పురుగు పట్టిన ఉన్ని దులిపి దులిపి దగ్గు తెచ్చుకుని ఆస్పత్రికి వచ్చింది. దగ్గు తగ్గించినందుకు మార్తాకి ఒక తివాచీ నేసి తెచ్చింది. దాని అంచు నిండా కొల్లేటి గూడబాతులు. సంచీలాంటి గొంతు, పొడుగు ముక్కు, ఒకదాని వెనక ఒకటి ఈదుకుంటూ పోతున్నట్టు. ఊళ్లో మిగతా నేతగాళ్లు కాగితం మీద గీసిచ్చిన పూలూ తీగలూ చూసి నేసేవారు. పీరమ్మకి కాగితంతో పని లేదు. కొల్లేటి గట్టు మీద కూర్చుని చూసింది, వచ్చి ముడులు వేసింది.

మార్తా స్వదేశం వెళ్లే రోజున ఓడ సామాను దగ్గర పేచీ వచ్చింది. తివాచీ అయినా వెళ్లాలి, నేనైనా వెళ్లాలి. ఆమె నా మూత మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. చివరికి తివాచీ వెళ్లింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం.

"పెట్టె నాకిచ్చెయ్యి దొరసానమ్మా. మా ఊలుకి పురుగు బాధ నీకు తెల్సుగా," అంది పీరమ్మ.

మార్తా తనకొచ్చిన ముక్కల తెలుగులో ఆమెకి ఒకే ఒక్క మాట చెప్పింది. "పీరమ్మా, లోపల రంగు వద్దు. ఎప్పుడూ వద్దు."

పీరమ్మ ఆ మాట నిలబెట్టుకుంది. నాలో ఊలు పెట్టలేదు, అంతకన్నా విలువైనది పెట్టింది. మూరెడు వెడల్పున్న తివాచీ ముక్క. దాన్ని నమూనా అనేవారు. గూడబాతుల అంచు, నీటి తుంగ, మూల మలుపులో బాతు మెడ తిరిగే తీరు, అన్నీ ఆ ఒక్క ముక్కలో ముడివేసి పెట్టింది. దాన్ని ముందు పెట్టుకుని ముడులు లెక్కపెట్టుకుంటూ ఎంత పెద్ద తివాచీ అయినా నేయవచ్చు. ఊరి పఠన మందిరం హాలుకి పరిచిన పెద్ద తివాచీ అలా నేసిందే. ప్రతి వేసవిలో నమూనాని ఎండలో దులిపేది, నాలో పెట్టేది. చనిపోయేముందు కొడుక్కి చెప్పింది, పెట్టె లోపల రంగు వేయవద్దని. కొడుకు తన కొడుక్కి చెప్పాలి. చెప్పకముందే తమ్మిలేరు వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. మనుషులు పెట్టెలూ బిందెలూ జాగ్రత్తగా చేతులు మారుస్తారు. వాటితో రావలసిన ఒక్క మాట మాత్రం మధ్యలో ఎక్కడో జారిపోతుంది.

ఆ కొడుకు కొడుకే మౌలాలి.

తండ్రి పోయేనాటికి వాడు నాలుగో తరగతి. మర్నాటి నుంచి మగ్గం. బడి మానేసిన కొత్తలో వాడు ఏం చేసేవాడో నాకు తెలుసు. మధ్యాహ్నం తల్లి కునుకు తీస్తుంటే నా మూత ఎత్తి, తల లోపలికి పెట్టి, కళ్లు మూసుకుని పీల్చేవాడు. ఆ రోజుల్లో పెన్సిళ్లకి ఇంకా ఈ వాసన ఉండేది. వాడికి బడి అంటే మిగిలింది నేనే. నన్ను రాతకి పనికిరానన్నారు, వాడికి రాత అందకుండా పోయింది. ఇద్దరం ఒకరి మొహంలో ఒకరం మొహం పెట్టుకుని కాసేపు అలా ఉండిపోయేవాళ్లం.

ఒకసారి వాడు నాన్నమ్మ తివాచీ చూద్దామని పఠన మందిరానికి వెళ్లాడు. గుమ్మం దగ్గర నౌకరు ఆపేశాడు. "చదూకునే వోళ్లకిరా ఇది. నీకేం పని?" అని. వెనక్కొచ్చి ఎవరికీ చెప్పలేదు, నాతో చెప్పాడు. అంటే, నా మూత మీద పిడికిలితో గుద్దాడు. తర్వాత వాగు పొంగి ఊళ్లోకి నీళ్లొచ్చాయి, మందిరం మునిగింది, తివాచీ కుళ్లిపోయింది. వాడు తన నాన్నమ్మ తివాచీని కళ్లారా చూడనేలేదు.

యాభై దగ్గరపడేసరికి మౌలాలి మాట నిమ్మకాయ పిండినట్టు తయారైంది. ఎవరు ఏం అడిగినా మొదట ఒక చురక, తర్వాతే జవాబు. మిల్లు తివాచీలు వచ్చాక వాడు నేసేవి గుమ్మాల ముందు వేసే పట్టాలే. "చదువుకున్నోళ్ల బురద తుడవడానికి పుట్టాం," అనేవాడు మగ్గం దగ్గర. భార్య జాన్‌బీ పక్క బల్ల మీద కూర్చుని ముడులు వేస్తూ, "ఆ బురదే మనకి బువ్వ పెడతంది, నోర్మూసుకుని నెయ్యి," అనేది.

ఇక నాగూరు సంగతి. జాన్‌బీ తమ్ముడు, రంగులేసే పని. మంచివాడు. ఈ లోకంలో నాకు అపకారం చేసింది ఆ ఒక్క మంచివాడే. ఊరి చివర దర్గా గేటుకి పచ్చ ఎనామిల్ వేసి, డబ్బాలో మిగిలింది పట్టుకుని అక్కగారింటికి వచ్చాడు. మౌలాలి ఇంట్లో లేడు.

"ఏంటక్కా ఈ పెట్టె! లోపలంతా పచ్చి చెక్క. చేసినోడికి రంగుకి డబ్బుల్లేనట్టున్నాయి పాపం. పైన మెరుగు, లోపల మొండి. దర్గా రంగేసిస్తాను, మీ ఇంటికి బర్కత్ వస్తది, అంతా కలిసొస్తది."

"ఎయ్యిరా, మీ బావ మొహం కూడా కాస్త పచ్చబడతదేమో," అంది జాన్‌బీ.

నేను అరిచాను. పెట్టె అరుపు ఎవరికి వినిపిస్తుంది? నాగూరు పాట పాడుకుంటూ రెండు పూతలు వేశాడు. అడుగు, నాలుగు పక్కలు, మూత. మొదటి పూతకి నా గొంతు బొంగురుపోయింది, రెండో పూతకి మాట పడిపోయింది. ఆరాక నమూనాని మళ్లీ నాలో పెట్టి మూత వేశారు. మౌలాలి సాయంత్రం వచ్చి చూసి, "బాగానే ఉంది, చిలక పంజరంలాగ," అన్నాడు. వాసన పోయిందని వాడు గమనించలేదు. పొగాకు అలవాటు పడిన ముక్కు.

వానాకాలం వచ్చింది. చిమ్మెట పురుగులు వచ్చాయి. పసి పురుగులు నమూనా మీద పాకుతుంటే, ఎన్నో ఏళ్లు కాపలా కాసినదాన్ని నేను, పచ్చరంగు ముసుగు కింద ఊపిరాడక చూస్తూ ఉండిపోయాను.

ఆ వానలు వెనకబట్టాక పఠన మందిరం కార్యదర్శి సోమరాజుగారు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. రిటైరైన లెక్చరరు. ఎండాకాలంలో కూడా లేసులు బిగించిన బూట్లు వేసే మనిషి. మందిరం మళ్లీ కట్టారు, పాత హాలుకి పాత తివాచీ లాంటిదే కావాలన్నారు కమిటీవాళ్లు.

"పాత ఫొటో ఒకటి ఉందయ్యా మౌలాలీ. కానీ దాంట్లో తివాచీ మీద మొత్తం పెద్దమనుషుల కాళ్లే. అంచు ఒక్క ముక్క కనపడదు. మీ ఇంట్లో నమూనా ఉందని విన్నాను."

మౌలాలి చేతిలో కత్తెర ఆగిపోయింది. జాన్‌బీ ముడి సగంలో వదిలేసింది.

"ఉందండి."

"శుక్రవారం కమిటీ. నమూనా చూపిస్తే నేత నీదే. లేదంటే మిల్లు తివాచీ కొనేస్తారు. కొందరు దానికి రెడీగా ఉన్నారు కూడా."

మౌలాలి లేచి నా దగ్గరికి వచ్చాడు. వాడి నడకలో నేను ఎన్నడూ చూడని పొగరు. నా మూత ఎత్తి, నమూనా తీసి, వెలుతురులో పరిచాడు. పట్టుకున్న చోటల్లా బూజులా ఉన్ని రాలింది. తుంగ పోయింది. నీళ్లు పోయాయి. బాతులు మాత్రం మెడల దాకా మిగిలాయి.

సోమరాజుగారు కళ్లజోడు సర్దుకున్నాడు. "పిట్టలకి తలకాయల్లేవేంటయ్యా?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది. "సరే, చూద్దాం. శుక్రవారం లోపు ఏమైనా దొరికితే..." అని గొణిగి, గుమ్మం ముందు పట్టాకి బూట్లు తుడుచుకుని మరీ వెళ్లిపోయాడు.

ఆ తుడుచుకోవడం మౌలాలి చూశాడు.

వాడు మగ్గం వైపు తిరిగాడు. మగ్గం మీద పంజా ఉంటుంది, ముడుల వరసని కిందికి కొట్టే ఇనప దువ్వెన. అది తీసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నాలోకి విసిరాడు. నా అడుగు చెక్క మీద దాని పళ్లు దిగి, పచ్చరంగుని చీల్చుకుంటూ జానెడు దూరం జారాయి.

నొప్పి? నొప్పే. కానీ ఎన్నో నెలల తర్వాత మొదటిసారి ఊపిరి తీశాను.

మౌలాలి పంజా తీసుకోవడానికి వంగి, అలాగే ఆగిపోయాడు. తల ఇంకొంచెం లోపలికి పెట్టాడు. ఇంకొంచెం. ఆ గీత మీద ముక్కు ఆనించాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో జాన్‌బీకి తెలియలేదు.

"ఏమయ్యో! ఏవైంది నీకు? తల పెట్టెలో పెట్టి ఏం చేత్తన్నావ్?"

"బడి వాసనే, జానీ. ఇది చావలేదు. మీ తమ్ముడు దీని నోట్లో గుడ్డలు కుక్కాడు. ఈ వాసనుంటేనే పురుగు రాదు. మా నాన్నమ్మ ఏ రోజూ దీనికి రంగెయ్యలేదు, ఎందుకెయ్యలేదో ఇయ్యాల తెల్సింది. గీకేస్తాను."

"దర్గా రంగు గీకుతావా?" జాన్‌బీ మూతకి అడ్డం కూర్చుంది. "చేతులు పడిపోతాయ్! ఉన్న పురుగు చాలదా, ఆ పాపం కూడా కావాలా?"

"బర్కత్ అన్నాడుగా మీవోడు. ఏదీ? పురుగులకొచ్చింది బర్కత్."

నాగూరు కబురందుకుని పరుగున వచ్చాడు. నమూనా చూసి మొహం పాలిపోయింది. అయినా వాడికీ భయమే. "బావా, ఆ పెట్టె పక్కన పెట్టెయ్. కొత్త పెట్టె నే చేయిస్తాను. అది మాత్రం గీకొద్దు బావా." ఆఖరికి ముగ్గురూ తేల్చుకోలేక దర్గా బాగోగులు చూసే ముజావరు కరీం సాహెబ్‌ని పిలుచుకొచ్చారు. బాగా వయసుపడిన మనిషి. నా ముందు పీట వేయించుకుని కూర్చుని, లోపలి పచ్చదనాన్ని వేలితో రాసి చూసి, నాగూరు వంక తిరిగాడు.

"ఏరా, ఈ రంగు గేటుదేనా?"

"అవును బాబాయ్, డబ్బాలో మిగిల్తే..."

"మిగిల్తే నాకు చెప్పాలా వొద్దా? ఎనక తలుపుకి ఏద్దారని అట్టిపెట్టాను. పొద్దున్న చూత్తే డబ్బా లేదు. పిల్లి తాగేసిందనుకున్నాను! అడక్కుండా ఎత్తుకెళ్లిన రంగుకి బర్కత్ ఏంటిరా? గీకెయ్యి మౌలాలీ. గీకి ఆ పొడి ఈడి నెత్తి మీద పొయ్యి."

జాన్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మౌలాలి నవ్వాడు. అలాంటి నవ్వు వాడి దగ్గర ఉందని వాడికే తెలిసినట్టు లేదు.

గీకింది నాగూరే. వాడే చేస్తానని పట్టుబట్టాడు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, నాలో సగం దిగి, ఇనప రేకుతో రంగు పెచ్చులు లేపాడు. ఆ తర్వాత గరుకు కాగితం. రుద్దుతున్నకొద్దీ పచ్చ కింద నుంచి నా ఎరుపు, ఎరుపులోంచి కణుపులు ఒక్కొక్కటీ కళ్లు తెరిచాయి. ముసలి చెక్కనని చూడకండి, లోపల నూనె అలాగే ఉంది. వాసన ముందు గదిలో నిండింది, తర్వాత గుమ్మం దాటింది. వీధిలో పూలమ్మే ఆవిడ తట్ట దింపి, "ఎవరింట్లో అండీ కొత్త పుస్తకాలు తెచ్చారు?" అని అడిగింది. నాగూరు నాలోంచి లేస్తూ తుమ్మాడు, మళ్లీ తుమ్మాడు. "బావా, ఇది పెట్టె కాదు, అత్తరు దుకాణం!" అన్నాడు ఎర్రపొడి మొహంతో.

పెట్టె బతికింది. మరి నమూనా? గురువారం మధ్యాహ్నం అయ్యింది. మర్నాడు కమిటీ. ఉన్నదైనా పురుగు లేకుండా దులుపుదామని జాన్‌బీ దాన్ని డాబా మీద మంచం మీద పరిచింది. దుమ్ము రాలాలని బోర్లా వేసింది. కర్రతో కొట్టబోతూ చెయ్యి అలాగే ఆపేసింది.

"ఏమయ్యో! ఇటురా. బేగా రా!"

మౌలాలి మెట్లెక్కి వెళ్లాడు. తర్వాత వాళ్లిద్దరూ నా దగ్గరికి దిగి వచ్చి, నా మూత మీదే దాన్ని బోర్లా పరుచుకుని చూశారు కాబట్టి నేనూ చూశాను. పురుగు పైపైన మేసింది. పైకి నిక్కిన ఉన్ని పోగుల్ని తినేసింది గానీ, వెనక నూలు దారాల మెడ చుట్టూ బిగించిన ముడుల్లోకి ఇంకా దిగలేదు. తుంగ ఉన్న ఒక్క చోట తప్ప వెనకవైపు ప్రతి ముడీ ఉంది, ప్రతి రంగూ ఉంది. ఎండ తగలని రంగు కదా, పీరమ్మ నిన్ననే మగ్గం దింపినట్టుంది. బాతుల తలలు, సంచీ గొంతులు, పొడుగు ముక్కులు, మూల మలుపులో మెడ తిప్పిన పెద్దబాతు. అన్నీ.

ఇంకో వానాకాలం నేను నోరు మూసుకుని ఉంటే ఆ ముడులు కూడా పోయేవి.

మౌలాలి వేలితో ఒక బాతు తల నిమిరాడు. "ముసిల్దానా," అన్నాడు మెల్లిగా, "ఎంత బిగించావే." ఆ మాట పీరమ్మని అన్నాడు. కాస్త నన్నూ అన్నాడనుకుంటాను.

శుక్రవారం నమూనాని బోర్లా పట్టుకుని కమిటీకి వెళ్లి వచ్చాడు. వచ్చీ రాగానే మగ్గానికి పడుగు కట్టడం మొదలుపెట్టాడు కాబట్టి ఏం జరిగిందో ఎవరూ అడగలేదు.

ఇక ఆ నేత నా కళ్ల ముందే జరిగింది. పొద్దున్నే జాన్‌బీ నాలోంచి నమూనా తీసి మగ్గానికి తగిలించేది. ఆమె రంగులు పాటలా చెబుతుంటే మౌలాలి ముడులు వేసేవాడు. "ఎరుపు రెండు, తెలుపు నాలుగు, మళ్లీ ఎరుపు..." చీకటి పడేలోగా నమూనా దులిపి నాలో పడుకోబెట్టేవారు. నాగూరు వారానికోసారి వచ్చి, నా లోపల వాసన చూసి, అధికారిలా తల ఊపి వెళ్లేవాడు. మౌలాలి చురకలు ఆగలేదు గానీ వాటిలో పులుపు తగ్గింది. నమూనాలో పురుగు పూర్తిగా తినేసిన తుంగ ఒక్కటీ ఎలా వేయాలా అని ఇద్దరూ ఒక రోజంతా పోట్లాడుకున్నారు. చివరికి పొద్దున్నే బస్సెక్కి కొల్లేరు వెళ్లి చూసొచ్చారు. పీరమ్మ చేసిన పనే.

ప్రారంభోత్సవం రోజున తివాచీతో పాటు నన్ను కూడా బండెక్కించారు. నమూనాని జనానికి చూపించాలని సోమరాజుగారు అడిగాడు. నన్ను మందిరం గుమ్మం పక్కనే దింపారు, మూత తీసి. లోపల పాత నమూనా, బోర్లా.

హాల్లో తివాచీ పరిచారు. పుస్తకాల బీరువాల మధ్య, కిటికీ ఎండలో, ఆ గూడబాతులు అంచు చుట్టూ ఈదుకుంటూ పోయాయి. మౌలాలి గుమ్మంలోనే నిలబడ్డాడు. చిన్నప్పుడు ఆపేసిన గుమ్మమే. కాసేపు లోపలికి చూశాడు. తర్వాత తన చెప్పులు విప్పాడు, నా పక్కన పెట్టాడు, లోపలికి నడిచాడు. నాన్నమ్మ బాతుల మీద అడుగు పడకుండా మధ్య దాకా వెళ్లి, అక్కడ నిలబడి, వెనక్కి తిరిగాడు.

అప్పటికే జనం వస్తున్నారు. లాయర్లు, మాస్టార్లు, ఇంజనీర్లు. చెప్పులతోనే గుమ్మం ఎక్కబోతున్నారు.

"చెప్పులండీ!" అన్నాడు మౌలాలి. హాలు దద్దరిల్లింది. "చెప్పులు బయటండీ. ఇది కాళ్లు తుడుచుకునే పట్టా కాదండి!"

గుమ్మం దగ్గర నిలబడిన జాన్‌బీ, "ఇనబళ్లేదాండీ? బయట ఇడవండి, బయట!" అని అందుకుంది. నాగూరైతే ఏకంగా ఒకాయన చెప్పులు వంగి తీసి పక్కన పెట్టేశాడు.

విప్పారు. ఊరి చదువంతా చెప్పులు విప్పింది. నా పక్కన జత మీద జత పడి గుట్ట లేచింది. విప్పడానికి వంగిన ప్రతివాడి ముక్కుకీ నా వాసన తగిలింది. ఒక ముసలి మాస్టారు వంగినవాడు వంగినట్టే ఉండిపోయి, "ఒకటో తరగతి," అన్నాడు ఎవరితోనో. నన్ను రాతకి పనికిరానన్న ఆ ఏజెంటు ఏ మట్టిలో ఉన్నాడో గానీ, ఆ పూట నేను ఆ హాల్లో పుస్తకాలన్నింటికంటే ముందు చదివించుకున్నాను.

సభ అయ్యాక ఎవరో అన్నారు, ఈ పెట్టెని ఇక్కడే ఉంచేద్దాం, మంచి పాలిష్ కొట్టించి, అద్దాల బీరువాలో పెట్టి, ముందు బోర్డు రాయిద్దాం అని. మౌలాలి చెయ్యి నా మూత మీద పడింది.

"దీనికి కొలువుందండి ఇంటి దగ్గర. లోపల మాత్రం ఎవరినీ చెయ్యి పెట్టనివ్వను."

ఇదిగో, అందుకే మళ్లీ ఇక్కడ ఉన్నాను, మగ్గం పక్కన, ఇటుక ముక్క మీద. నాలో ఇప్పుడు రెండు నమూనాలున్నాయి. పీరమ్మది ఒకటి, కొల్లేటి తుంగతో మౌలాలి, జాన్‌బీ కొత్తగా నేసింది ఒకటి. రంగు వేయవద్దన్న మాట ఇంట్లో అందరికీ తెలుసు. నాగూరు అయితే వీధి వీధికీ చెబుతాడు, తనే కనిపెట్టినట్టు.

కానీ నేను మళ్లీ మళ్లీ తలుచుకునేది ఆ గుమ్మం దగ్గరి ఒక్క క్షణాన్నే. అందరూ లోపలికి వెళ్లిపోయారు, సోమరాజుగారు ఒక్కడే మిగిలాడు. ఆయనవి లేసుల బూట్లు. ముడి పడింది, రావడం లేదు. ఒంటికాలి మీద నిలబడి, ఊగుతూ, పట్టు కోసం చుట్టూ చూశాడు. లోపలి నుంచి మౌలాలి చూస్తున్నాడు. నవ్వలేదు, పిలవలేదు. "నిదానంగా రండి. మేం ఉంటాం," అన్నాడంతే.

ఆయన చెయ్యి చాపి, పడిపోకుండా, నన్ను పట్టుకున్నాడు.

నేను కదల్లేదు.